బొమ్మకు మార్కులు వేయొద్దు తల్లీ

పాఠకుల ప్రశ్నలు - డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నేను నెల్లూరులో జనరల్ మెడిసిన్ పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది కోవూరు పక్కన పల్లె. నాన్న వరి పండిస్తారు. ఆరో తరగతిలో రెసిడెన్షియల్ స్కూల్లో వేసేదాకా ఏ కాగితం దొరికినా బొమ్మలు వేసేదాన్ని. ఆ తర్వాత ర్యాంకులు, నీట్, ఎంబీబీఎస్, మళ్ళీ నీట్. పెన్సిల్ పట్టుకున్నది లేదు.

పీజీ మొదటి ఏడాదిలో ఒక అడ్మిషన్ డే రాత్రి పురుగుమందు తాగిన అబ్బాయిని తెచ్చారు. నా వయసే ఉంటుంది. తెల్లవారేదాకా కష్టపడ్డాం, దక్కలేదు. బాడీని తీసుకెళ్ళాక మంచం కింద అతని చెప్పులు మిగిలిపోయాయి. ఒకదానికి పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. డ్యూటీ రూమ్‌లో కూర్చుని ఒక పాత ఈసీజీ కాగితం వెనక ఆ చెప్పులు బాల్‌పెన్నుతో గీశాను. ఆ రోజు నిద్ర పట్టింది. అప్పటినుంచి అలాంటివే గీస్తూ వచ్చాను. టిఫిన్ క్యారియర్, సెలైన్ స్టాండుకు కట్టిన తాయెత్తు, ఐసీయూ బయట నేలమీద పరిచిన దుప్పటి.

రొట్టెల పండుగకు మెడికల్ క్యాంపు డ్యూటీ పడింది. స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటున్న చేతులు గీశాను. ఫ్రెండ్ చూసి ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిపించింది. చాలామంది మెచ్చుకున్నారు. హాస్పిటల్ బొమ్మలు పెడితే ఇంకా ఎక్కువమంది చూశారు. అన్నయ్య ట్యాబ్ కొనిచ్చాడు. వారానికి మూడు బొమ్మలు పెట్టాలని నేనే లెక్క పెట్టుకున్నాను. పోయిన నెల ఒక పెద్దావిడకు సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ మీద ఒత్తడం) చేస్తున్నారు. నా వంతు కోసం పక్కన నిలబడ్డాను. ఆమె చేతి గాజులు చూసి "ఇది బొమ్మగా బాగుంటుంది" అనిపించింది. నా మీద నాకే భయమేసింది. ఆ రోజుతో గీయడం ఆపేశాను. పేజీ తీసేయలేదు, తెరవనూ లేదు. నిద్ర సరిగా పట్టడం లేదు. మళ్ళీ గీద్దామని కూర్చుంటే చెయ్యి కదలదు. కదిలినా గీసింది నచ్చదు.

"ఆ టైములో థీసిస్ పని చేసుకోవచ్చు కదా" అంటారు తోటి పీజీలు. "ఇరవై ఏడొచ్చాయి, ఇంకా బొమ్మలేందమ్మా" అంటుంది అమ్మ. నేను చేసేది బాధ్యత నుంచి తప్పించుకోవడమా? వాళ్ళ కష్టాన్ని బొమ్మ చేసుకోవడం పాపమా? మళ్ళీ మొదలుపెట్టాలంటే ఎలా?
- పేరు వద్దు, నెల్లూరు

జవాబు: అమ్మణ్ణీ, పాపం అన్నావే, ముందు దాని సంగతి చూద్దాం.

పెద్దావిడ గాజులు నీ కంటబడ్డాయి. అదే కన్ను రౌండ్స్‌లో పేషెంట్ కాళ్ళ వాపును, గోళ్ళ నీలాన్ని, మాట్లాడుతూ ఆయాసంతో మధ్యలో ఆగిపోవడాన్ని పట్టుకుంటుంది. ఆ కన్ను కోసమే ఇన్నేళ్ళు చదివావు. మనిషి చావుబతుకుల్లో ఉన్నప్పుడు పక్కనున్న వాళ్ళ చూపు ఏదో ఒక చిన్న వస్తువు మీద నిలిచిపోవడం నేను చాలాసార్లు చూశాను. కొత్త డాక్టర్లలో చూశాను, నర్సుల్లో చూశాను, కన్నకొడుకుల్లో కూడా చూశాను. జరుగుతున్నదంతా ఒక్కసారిగా చూడలేక కన్ను ఒక మూలను పట్టుకుంటుంది. నీ వంతు వచ్చేసరికి నీ చేతులు ఆమె ఛాతీ మీదే ఉన్నాయి కదా. ఆమెకు నువ్వేమీ తక్కువ చేయలేదు.

నిన్ను భయపెట్టింది "బాగుంటుంది" అన్న మాట అనుకుంటాను. ఎవరికి బాగుంటుంది? చెప్పులు గీసిన రాత్రి నీకు ఆ ప్రశ్నే రాలేదు. వారానికి మూడు అని లెక్క పెట్టుకున్నాక వచ్చింది. ఆరో తరగతి నుంచి నీకు నేర్పింది ఆ పద్ధతే. టార్గెట్ పెట్టుకోవడం, అందుకోవడం, పక్కవాళ్ళతో పోల్చుకోవడం. ఇందులో నీ తప్పు లేదు, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చదివే పిల్లలనందరినీ అలాగే పెంచుతున్నాం. నాకది చాలా బాధగా ఉంటుంది. ఆ పద్ధతి ఇప్పుడు నీ బొమ్మలోకీ వచ్చేసింది, బొమ్మ కూడా ఇంకో సబ్జెక్టు అయిపోయింది. మార్కులు వేసేవాళ్ళు ఎదురుగా కూర్చుంటే ఎవరికైనా మనసు విప్పి ఏడవడం వస్తుందా? నీ చెయ్యి కదలకపోవడం అలాంటిదే.

కాబట్టి కొన్నాళ్ళు ఎవరికీ చూపించని బొమ్మలు వెయ్యి. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

మాది మార్కాపురం. మా నాన్న పలకల కార్ఖానాలో గుమాస్తా. అంచు విరిగిన పలకలు మా ఇంట్లో ఎప్పుడూ ఉండేవి. బడికి తీసుకెళ్ళే పలక మీద అక్షరాలు, ఎక్కాలు సరిగ్గా ఉండాలి, అయ్యవారు చూస్తారు. విరిగిన పలక మీద ఏం గీసినా అడిగేవాళ్ళు లేరు. బలపంతో గీయడం, తడిగుడ్డతో తుడిచేయడం. మెడిసిన్ చదవడానికి గుంటూరు వెళ్ళినప్పుడు ట్రంకు పెట్టెలో అలాంటి పలక ఒకటి పెట్టుకుని వెళ్ళాను. పరీక్షల టెన్షన్‌లో రాత్రిపూట దానిమీద ఏదో ఒకటి గీసి, తుడిచి, పడుకునేదాన్ని. ఇప్పుడు పిల్లలు పలకల మీద రాయడం బాగా తగ్గింది. మా ఊళ్ళో కార్ఖానాలూ తగ్గాయి. అయినా పలక ఇంకా దొరుకుతుంది, నువ్వూ ఒకటి తెప్పించుకో. డ్యూటీ దిగి రూమ్‌కి వచ్చాక, ఫోన్ ముట్టుకోకముందే, ఓ పది నిమిషాలు బలపం పట్టుకుని కూర్చో. గీసింది నచ్చినా తుడిచెయ్యి, నచ్చకపోయినా తుడిచెయ్యి. ఫొటో మాత్రం తీయకు. నిలవని బొమ్మ బాగుందో లేదో చూసుకునే పని ఉండదు. చెయ్యి దానంతటదే కదులుతుంది, కొద్ది రోజులు ఓపిక పట్టు.

నేను ఉద్యోగంలో చేరాక మొదట పనిచేసింది ప్రకాశం జిల్లా మెట్టప్రాంతంలో. కనిగిరి, పొదిలి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని నీకు తెలుసు. చిన్నపిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోయి ఉండేవి. నలభై ఏళ్ళకే నడుము, మెడ బిగుసుకుపోయిన వాళ్ళు ఓపీకి వచ్చేవాళ్ళు. వచ్చిన వాళ్ళకు నేనివ్వగలిగింది కాల్షియం బిళ్ళలు, నీళ్ళు మార్చమనే సలహా. మార్చడానికి వాళ్ళకు వేరే నీళ్ళేవి? ఆ చేతకానితనం రోజూ ఇంటికి తోడొచ్చేది. క్యాలెండర్ కాగితాల వెనక మోకాళ్ళు గీసేదాన్ని. మొహాలు ఎప్పుడూ గీయలేదు. ఒక రాత్రి కాన్పయ్యాక రక్తం ఆగని అమ్మాయి వచ్చింది. రక్తం ఒంగోలు నుంచి రావాలి. వచ్చేలోపే ప్రాణం పోయింది. వాళ్ళమ్మ చేతిలో బిడ్డకోసం చింపి తెచ్చిన పాతచీర గుడ్డల మూట ఉంది. ఆ మూట గీశాను. ఆ కాగితం మా ఆయనకు కూడా చూపించలేదు. చూపించి ఉంటే ఆయన నన్ను ఓదార్చేవారు, మంచివారు. కానీ ఆ రాత్రి నాకు ఓదార్పు అక్కర్లేదు. ఆ మూట ఎలా ఉందో అలా, ఒక్క ముడి కూడా వదలకుండా చూడాలి, అంతే. నువ్వు పిన్నీసు గీసినప్పుడు నీకు జరిగింది కూడా అదేనని నా నమ్మకం.

డాక్టర్లం కాబట్టి రుజువులు అడుగుతాం. 2016లో అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్ళు 39 మంది పెద్దవాళ్ళకు మట్టి, స్కెచ్ పెన్నులు, కొలాజ్ కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ (ఒత్తిడికి ఒంట్లో పెరిగే హార్మోన్) కొలిచారు. దాదాపు ముప్పావు వంతు మందిలో తగ్గింది. బొమ్మలు వేయడం వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ ఈ విషయంలో తేడా కనపడలేదు. చిన్న పరీక్షే, పోల్చి చూడటానికి వేరే గుంపు కూడా లేదు, కాబట్టి దాన్ని మరీ పెద్దది చేయొద్దు. నాకు అందులో నచ్చింది ఆ ఆఖరి సంగతి. మేలు జరగాలంటే బొమ్మ బాగుండాల్సిన పని లేదు.

ఇంకో సంగతి, నీకు ఎవరూ చెప్పి ఉండరు. గీసిన వెంటనే మనసు తేలికపడకపోవచ్చు. 1986లో పెన్నెబేకర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ విద్యార్థుల చేత నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాధపెట్టిన సంఘటన గురించి రాయించాడు. రాసిన వెంటనే వాళ్ళ మనసు ఇంకా బరువెక్కింది. ఆ తర్వాతి నెలల్లో మాత్రం, జరిగిన దానితో పాటు తమకు ఎలా అనిపించిందో కూడా రాసినవాళ్ళు మిగతావాళ్ళకంటే తక్కువసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. కాబట్టి ఒక రోజు బలపం కింద పెట్టేసరికి కళ్ళనీళ్ళు వస్తే, ఇది నాకు పడటం లేదని ఆపేయకు.

ఇక పేజీ సంగతి. ఆ ఈసీజీ కాగితం ముందువైపు పేషెంటు పేరు, నంబరు ఉంటాయి. అది వాళ్ళది. వెనకవైపైనా సరే, ఇకమీదట దానిమీద గీయకు. 2002 నాటి మన వృత్తి నియమావళిలోనే ఉంది, పేషెంటును గుర్తుపట్టే విధంగా ఫొటోగానీ కేసు వివరాలుగానీ అనుమతి లేకుండా ప్రచురించకూడదని. ఆ నియమంలో బొమ్మ అనే మాట లేకపోయినా దాని ఉద్దేశం బొమ్మకూ సరిపోతుంది. నెల్లూరు మరీ పెద్ద ఊరేం కాదు. పిన్నీసు పెట్టిన చెప్పును ఆ అబ్బాయి చెల్లెలు గుర్తుపట్టవచ్చు. పేజీలో ఉన్న హాస్పిటల్ బొమ్మలు ఒక్కొక్కటీ తీసి, ఇది ఎవరిదో ఇంట్లోవాళ్ళకు తెలిసిపోతుందా అని చూసుకో. అనుమానం ఉన్నదాన్ని తీసెయ్యి. రొట్టెలు మార్చుకునే చేతులు ఉండనీ, అది వేలమంది మధ్య జరిగిన సంతోషం.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఇంగ్లండులో హెన్రీ టాంక్స్ అని ఒకాయన ఉండేవాడు. సర్జన్‌గా చదివి, డ్రాయింగ్ మాస్టారుగా మారినవాడు. తుపాకీ గుళ్ళకు మొహాలు పోయిన సైనికులకు గిల్లీస్ అనే డాక్టర్ మొహాలు బాగుచేస్తుంటే, ఈయన పక్కన కూర్చుని రంగు పాస్టెల్స్‌తో ఆ గాయాల బొమ్మలు గీశాడు, ఆపరేషన్‌కు ముందు, తర్వాత. అవి వైద్యం కోసం గీసినవి, ఇప్పటికీ లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దగ్గరే ఉన్నాయి. బాధలో ఉన్న మనిషిని గీయడం పాపమా అని అడిగావు కాబట్టి ఇది చెప్పాను. ఎందుకు గీస్తున్నామో, ఎవరు చూస్తారో మనకు స్పష్టంగా ఉంటే చాలు.

తప్పించుకోవడమా అని కూడా అడిగావు. తప్పించుకునేవాళ్ళు మంచం కిందకి తొంగి చూడరు తల్లీ. ఆ చెప్పుల దగ్గర ఆగావంటేనే నువ్వు పారిపోలేదని.

థీసిస్ మాట. స్నేహితులకు జవాబుగా కజాల్ పేరు చెప్పవచ్చు. నాడీకణాలను మైక్రోస్కోపులో చూసి చేత్తో గీసి, 1906లో నోబెల్ అందుకున్న స్పెయిన్ డాక్టర్. చిన్నప్పుడు చిత్రకారుడు అవుతానంటే తండ్రి వైద్యం వైపు తిప్పాడు. అది నిజమే కానీ ఆ జవాబు నువ్వు చెప్పొద్దు. "బొమ్మలు వేస్తే డాక్టర్‌గా మెరుగవుతాను" అని చెప్పావంటే మళ్ళీ బొమ్మకు ఒక ఫలితం రావాలి, రాకపోతే మానేయాలి. పది నిమిషాలు నాకోసం అని చెప్పు, చాలు. అమ్మకు మాత్రం వేరేగా చెప్పాలి. ఆమె భయం బొమ్మల గురించి కాదు, నువ్వు నిద్ర లేక చిక్కిపోవడం గురించి అయి ఉంటుంది. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె పక్కన కూర్చునే గీయి. ఎడగారు పంట కోతలప్పుడు కళ్ళంలో నాన్న కూర్చునే తీరు, గోతాలు కుట్టే దబ్బనం, మీ ఇంటి వెనక పెన్నా కాలువ గట్టు, ఏదైనా సరే. డాక్టర్ కేశవరెడ్డి గారు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో పనిచేస్తూనే నవలలు రాశారు. ఆ నవలల్లో ఎక్కువగా కనిపించేది ఆయన పుట్టిన చిత్తూరు జిల్లా పల్లెలే. రోజంతా వార్డులో ఉన్న మనసు బొమ్మలో కూడా వార్డులోనే ఉండాలని లేదు. ఏడాదిగా నువ్వు గీసినవాటిలో చావు పక్కన లేనిది చేతుల బొమ్మ ఒక్కటే. అది చదువుతుంటే నాకు దిగులేసింది.

చివరగా, బొమ్మతో తీరని సంగతులు ఉన్నాయి. నిద్ర పట్టడం లేదన్నావు. రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే, ఆకలి తగ్గితే, పనిలో చిన్న లెక్కలు తప్పుతుంటే, బతకడం ఎందుకనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సైకియాట్రీ డాక్టర్‌ను కలువు. సొంత కాలేజీలో మొహమాటంగా ఉంటే బయట చూపించుకో. టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. డ్యూటీల సంగతి కూడా. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్, పీజీలకు వారానికి 74 గంటలకు మించి పని ఉండకూడదని, వారానికో రోజు సెలవు ఇవ్వాలని సిఫారసు చేసింది. మీ యూనిట్లో లెక్క ఎంత వస్తుందో రాసి పెట్టుకో, తోటివాళ్ళతో కలిసి హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారితో మాట్లాడు. ఒక్కదానివే వెళ్ళొద్దు. బొమ్మ వేసుకుంటున్నాం కదా అని ముప్పై ఆరు గంటల డ్యూటీకి అలవాటు పడిపోతే, నిన్ను నిలబెట్టాల్సిన బొమ్మే నీకు అన్యాయం చేసినట్టవుతుంది.

ప్రశ్న: అమ్మా, నేను ఆర్టీసీలో చేసి రిటైరయ్యాను. మాది ఒంగోలు. మా అబ్బాయి సీఏ ఆర్టికల్స్ (ఆడిటర్ దగ్గర శిక్షణ) పూర్తి చేసి ఫైనల్ రాస్తున్నాడు. ఒక గ్రూపు పేపర్లలో తప్పాడు. ఆదివారం ఆదివారం పక్క ఊళ్ళో నాటక సమాజం వాళ్ళ దగ్గరికి వెళ్ళి పద్యాలు, హార్మోనియం నేర్చుకుంటున్నాడు. రోజూ పొద్దున మేడమీద రాగాలు తీస్తున్నాడు. పాసయ్యేదాకా ఆపమంటే మాట్లాడటం మానేశాడు. నేను చెప్పింది తప్పా?
- ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: బిడ్డ మీద ప్రేమతో చెప్పారు, అది నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోండి.

సీఏ ఫైనల్ 2025 నుంచి ఏడాదికి మూడుసార్లు పెట్టడం మొదలుపెట్టారు. జనవరి, మే, సెప్టెంబరు. ఒక విధంగా పిల్లలకు మేలే, పోతే వెంటనే మళ్ళీ రాసుకోవచ్చు. కానీ ఇంట్లో చూస్తే ఏ నెలైనా పరీక్షకు ముందు నెలే. "అయ్యేదాకా వద్దు" అంటే ఆ అయ్యే రోజు కనపడదు. ప్రతి పేపర్లో 40, గ్రూపు మొత్తం మీద సగం మార్కులు రావాలి. ఒక పేపర్లో ఒక్క మార్కు తగ్గినా గ్రూపు పోయే పరీక్ష అది. ఆర్నెల్లు కష్టపడినవాడు 39 చూసుకుని ఇంటికి వచ్చినప్పుడు, ఆ కష్టం ఎక్కడో బయటికి పోవాలి. మీవాడు మేడ ఎక్కి పాడుతున్నాడు. నన్నడిగితే అది మంచి దారి.

పద్యం చివర రాగం తీసేటప్పుడు ఊపిరి పొడుగ్గా, మెల్లగా వదలాలి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే తగ్గుతుంది. రోజూ పొద్దున ఓ పావుగంట అలా పాడి పుస్తకం ముందు కూర్చున్నవాడు తిన్నగా కూర్చుంటాడు.

మన ఒంగోలు సంగతే చూడండి. టంగుటూరి ప్రకాశం గారు చిన్నప్పుడు ఇక్కడ నాటకాల్లో ఆడవేషాలు వేశారు. ఆ నాటకాల్లోనే ఆయనకు అండగా నిలిచిన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు ఆయన్ను రాజమండ్రి తీసుకెళ్ళి చదివించారు. ఆ వేషాలు వేసిన పిల్లవాడే తర్వాత లండన్ వెళ్ళి బారిస్టరై వచ్చారు. నాటకం ఆడితే బారిస్టరు అవుతారని నేను అనడం లేదు. చదువు పాడు కావాలంటే నాటకమే కారణం కానక్కర్లేదని చెబుతున్నాను.

మీరు అడగాల్సింది వేరే. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు? ఏ పేపర్లో మార్కులు తగ్గాయి? దానికి ఎవరి దగ్గరైనా చెప్పించుకుంటున్నాడా? మేడమీద పావుగంట గురించి కాక ఈ మూడింటి గురించి మాట్లాడండి. పరీక్షకు ముందు రెండు మూడు ఆదివారాలు సమాజానికి వెళ్ళడం ఆపుకోవాలని వాడికే తోస్తుంది, మీరు చెప్పక్కర్లేదు. ఇంకో మాట. "పాసైతే హార్మోనియం కొనిస్తాను" అని మాత్రం అనకండి. మంచి ఉద్దేశంతోనే చాలామంది తల్లిదండ్రులు అంటారు. అలా అన్నారంటే రెండోసారి తప్పినప్పుడు పద్యం కూడా వాడికి ఓటమిలా వినిపిస్తుంది. కొనాలనుకుంటే ఇప్పుడే కొనివ్వండి. సెకండ్‌హ్యాండ్‌ది చాలు, సమాజంవాళ్ళే చూసిపెడతారు. ఈ ఆదివారం వీలైతే మీరూ వాడితో వెళ్ళి, వెనక వరసలో కూర్చుని వినండి. మాటలు కలపడానికి అంతకంటే తేలికైన దారి నాకు తోచడం లేదు.

ప్రశ్న: నేను కందుకూరులో స్టాఫ్ నర్సును. నాకు బొమ్మలు రావు, పాట రాదు. క్రోషియా అల్లుతాను, వైరు బుట్టలు అల్లుతాను. నైట్ డ్యూటీలో అల్లుతుంటే ఇన్‌ఛార్జి సిస్టర్ కోప్పడ్డారు. ఇది కళ అవుతుందా? డ్యూటీలో చేయకూడదా?
- ఒక సిస్టర్

జవాబు: కళ అవుతుంది, అందులో అనుమానమే వద్దమ్మా. వేళ్ళు ఒకే కదలికను తిరిగి తిరిగి చేస్తుంటే మనసు కుదుటపడుతుందని అల్లేవాళ్ళందరికీ తెలుసు. ధనుర్మాసంలో తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేసే ఆడవాళ్ళకూ తెలుసు. ఎండెక్కేసరికి తొక్కుడు పడిపోతుందని తెలిసి కూడా ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేస్తారు కదా, ఆ ఓపిక చూస్తే నాకు గౌరవం.

వార్డులో అల్లొద్దని చెప్పడంలో మాత్రం మీ ఇన్‌ఛార్జి సిస్టర్ మాటే నాదీ. కోపంగా చెప్పకుండా ఉండాల్సింది. నూలు వార్డులోని క్రిములను పట్టుకుని ఇంటిదాకా వస్తుంది. గళ్ళు లెక్కపెట్టే ధ్యాసలో మానిటర్ మోగింది వినపడకపోవచ్చు. బ్రేక్‌లో రెస్ట్ రూమ్‌లో, చేతులు కడుక్కుని, మూత ఉన్న డబ్బాలో పెట్టుకున్న నూలుతో అల్లుకోండి. కడుక్కోవడానికి తేలిక కాబట్టి డ్యూటీ రోజుల్లో వైరు బుట్ట ఇంకా నయం. అల్లినవన్నీ ఎవరికో ఒకరికి ఇచ్చేయాలని, అమ్మాలని పెట్టుకోకండి. "నాకొకటి అల్లి పెట్టవా" అని ఆర్డర్లు మొదలయ్యాయంటే అదో డ్యూటీ అవుతుంది. మొదటిది మీరే వాడుకోండి, మీకు నచ్చిన రంగులో. నైట్ డ్యూటీ దిగిన పొద్దున మాత్రం ముందు తిని నిద్రపోండి, లేచాకే అల్లిక.